అమావాస్య రోజు మోగని ఫ్యాను

ఇరవై ఏడేళ్లు ఆదోనిలో ఇళ్లలోని కంప్యూటర్లు బాగుచేశాను. ఎన్ని బాగుచేశావని అడిగితే లక్ష అంటాను. అడిగినవాడు నవ్వితే యాభై వేలకు దిగుతాను. అంతకంటే దిగను. మా ఆవిడ మాత్రం రెండు వేలు దాటవంటుంది. ఆమె నా కొట్టుకు వచ్చిందే ఏడుసార్లు, అందులో నాలుగుసార్లు తాళంచెవి కోసం.

నిరుడు షట్టరు దించేశాను. నాకిప్పుడు యాభై అయిదు. ఈ వయసులో మనుషులు ప్రమోషన్ల కోసం గొడవపడతారు కానీ రిటైరవరు. నన్ను నా చెవులు రిటైరు చేశాయి. దుమ్ము ఊదే బ్లోయరు పక్కన అంతకాలం నిలబడితే లోపల ఒక ఫ్యాను మొదలైంది. దానికి స్విచ్చు లేదు. మోగేది ఎదుటి కంప్యూటరు డబ్బాలోనో, తన తలలోనో తేల్చుకోలేనివాడు ఈ పనిలో ఉండకూడదు.

మొన్న ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. ఆలూరులో ఒకరు, ఎమ్మిగనూరులో ఒకరు కొట్టు పెడుతున్నారట. అన్నా, నాలుగు మాటలు సెప్పు, రాసుకుంటాం అన్నారు. మాటల్లో చెబితే నేను కోతలు కోస్తాను. అందుకని రాసి ఇస్తానన్నాను. రాస్తే కూడా కోస్తున్నానని మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. కానీ చివరికి వచ్చేసరికి కోయడానికి ఏమీ మిగలదు.

మస్తాన్ భాయ్ స్క్రూడ్రైవరు

నాకు పని నేర్పినవాడు మస్తాన్ భాయ్. ఆరున్నర అడుగుల మనిషి, అయిదడుగుల కొట్టు. కాబట్టి జీవితమంతా వంగే బతికాడు. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎవరినీ అడగకుండా ఒకటి విప్పాడు, మళ్లీ బిగించాడు, రెండు స్క్రూలు మిగిలాయి, అది మాత్రం ముందుకంటే బాగా నడిచింది. అప్పట్నుంచి ఆదోనికి ఆయనే కంప్యూటరు డాక్టరు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాని కొన ఫ్యాను చట్రానికి ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. వైరు రెక్కకు తగులుతుంటే టకటకమంటుంది, అది వింటే మనకు ఆనందం, ఒక టేపు ముక్కతో పోతుంది. బేరింగు ఎండిపోతే సన్నగా కీచుమంటుంది, ఆ ఫ్యానుకు నీళ్లొదలాలి. దుమ్ము పట్టుకుంటే మాత్రం కీచుమనదు, రొప్పుతుంది, ఉబ్బసం మనిషి ఆదోని కోట ఎక్కుతున్నట్టు. ఆ రొప్పు వినబడితే లోపల ఏదో కాలుతోందని అర్థం. ఫ్యాను మోగడం జబ్బు కాదు, జ్వరం. లోపలి గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి, నన్ను చల్లబరచండి అని అరిస్తే పాపం ఫ్యాను పరుగెత్తుతుంది. చాలామంది మెకానిక్కులు ఆ ఫ్యాను నోరు మూయించి ఇంటికి పోతారు.

నాకు బద్ధకం ఎక్కువ. ఎవరు పిలిచినా డబ్బా తీసుకుని కొట్టుకు రమ్మనేవాణ్ణి. ఒకరోజు భాయ్ చూశాడు.

"డబ్బా తెచ్చినారు సరే, ఇల్లు తెచ్చినారారా బసన్నా?"

నాకు అర్థం కాలేదు. ఆయన స్క్రూడ్రైవరుతో నా నెత్తిన తట్టి, ఆ ఇంట్లోవాళ్లు పనిచేసుకునేటప్పుడు పో, మోగేటప్పుడు పో, నిద్రపోయే రోగిని చూసి మందు రాయాకు అన్నాడు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఆదోని గాలి

ఆదోనిలో పీల్చేది గాలి కాదు, పల్చటి పరుపు. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, ఊరినిండా దూది. ఒక పత్తి దళారీ ఇంట్లో వాళ్లబ్బాయి ఆటలాడే కంప్యూటరు విప్పితే గ్రాఫిక్స్ కార్డు కనబడలేదు. కార్డు ఉండాల్సిన చోట ఒక దిండు ఉంది. దాన్ని చింపకుండా అట్లాగే ఊడదీసి వాళ్లమ్మ చేతికిచ్చాను. ఆవిడ నిజంగానే పక్కన పెట్టుకుంది. అప్పుడు కొలిస్తే కార్డు వేడి తొంభై అయిదు డిగ్రీలు. టీ పెట్టుకోవచ్చు.

ఇక్కడ రెండు మూడు మాటలు రాసుకోండి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. పట్టుకోకపోతే ఊదుడుకు అది పిచ్చిపట్టినట్టు తిరిగి బేరింగు చస్తుంది. నేను పదకొండు ఫ్యాన్లను అట్లా చంపాను. చిప్పు మీద రాసే పేస్టు బియ్యపుగింజంత చాలు. కొత్తవాళ్లు దోసె మీద ఎర్రకారం పూసినట్టు పూస్తారు. ఎండిన బేరింగులో కొబ్బరినూనె పోయకండి. వారం రోజులు పాటలా తిరుగుతుంది, ఎనిమిదోనాటికి దూదీ నూనే కలిసి హల్వా అవుతుంది. ఆయుధపూజకు జనం కంప్యూటరుకు విభూతి, కుంకుమ పెడతారు, సరిగ్గా అది గాలి పీల్చే జల్లెడ మీదే పెడతారు. నవ్వకండి. నవ్వితే మిమ్మల్ని మళ్లీ పిలవరు. అమ్మా, బొట్టు పక్కరేకుకు పెడితే ఇంకా నిండుగా ఉంటుందని చెప్పండి.

ఇవన్నీ చేతిపనులు. ఆరునెలల్లో వస్తాయి. నాకు ఇరవై ఏళ్లు దాటినా రానిది వేరే ఉంది.

నేను అమ్మిన కార్డు

ఎమ్మిగనూరులో ఈరన్న అని ఒక నేతగాడు. నా ఈడువాడే. ఆయన, ఆయన భార్య శంకరమ్మ, తండ్రి నీలకంఠప్ప. ఒకటే పెద్ద గది, గదిలో గుంటమగ్గం, మగ్గం పక్కన రాట్నం, రాట్నం పక్కన ఒక బల్ల. ఆ బల్ల మీదికి కంప్యూటరు కావాలని నా కొట్టుకు వచ్చాడు.

ఎందుకంటే, వాళ్ల నాయనకు ఒక అంచు వచ్చు. పిట్టల అంచు. చీర అంచులో కింది వరుసలో అయిదు పిట్టలు కొంగు వైపు పోతుంటాయి, ముక్కులు ఖాళీ. పై వరుసలో అయిదు పిట్టలు వెనక్కి వస్తుంటాయి, ముక్కున ఒక్కో గింజ. అయిదింటి రెక్కలు అయిదు రకాలు. గింజ మోసే పిట్ట అలిసిపోయి ఉంటుంది కాబట్టి పై వరుస రెక్కలు ఇంకా వేరు. కాగితం మీద ఎక్కడా లేదు. ఉన్నదంతా ముసలాయన తలలో. వాళ్ల ఇంట్లో ఆ చీర ఒక్కటి కూడా లేదు, నేసినవన్నీ అమ్ముడుపోయాయి. ముసలాయనకు చేతులు వణికి మగ్గం దిగి చాలాకాలమైంది. మాట మధ్యలో మాట మరిచిపోవడం మొదలైంది. ఆయన పోకముందే ఆ అంచును గడి గడిగా కంప్యూటరులోకి ఎక్కించాలని ఈరన్న ఆత్రం.

ఆ పనికి గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. ఇది మీరు గట్టిగా రాసుకోండి, నేను సిగ్గుపడుతూ రాస్తున్నాను. అయినా దళారీ కొడుకు కొత్తది కొనుక్కుని వదిలేసిన ఆ తొంభై అయిదు డిగ్రీల కార్డు నా దగ్గర ఉంది. బొమ్మల పని అన్నావు గదా, బొమ్మల కార్డు లేకుంటే ఎట్లా ఈరన్నా అన్నాను. ఆయన నన్ను నమ్మాడు. బిగించి ఇచ్చాను.

పని మొదలైంది. ముసలాయన తెర ముందు కూర్చుని వేలు పెట్టి చెబుతాడు, ఈరన్న గడులు నింపుతాడు. పక్కన శంకరమ్మ మగ్గం మీద ఒప్పుకున్న తువ్వాళ్లు నేస్తుంటుంది. ముసలాయన చెప్పడం మొదలుపెడితే నీళ్లు పారినట్టు పోవాలి. మధ్యలో ఆపితే తెగిపోతుంది, మళ్లీ మొదటి పిట్ట నుంచి ఎత్తుకోవాలి. అందుకని ఈరన్న సేవ్ నొక్కడానికి కూడా జంకేవాడు. ఒకసారి కింది వరుస పూర్తయ్యేసరికి ముసలాయనకు దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు సందులో నొక్కాడు. అట్లా అయిదు పిట్టలు నిలిచాయి.

పై వరుస మొదలుపెట్టాక ఫ్యాను రొప్పడం, కార్డు వేడెక్కడం, తెర గడ్డకట్టిపోవడం. ముసలాయన చెప్పినదంతా పోవడం.

మూడు అమావాస్యలు

ఈరన్న ఫోను చేశాడు. ఆ పక్కన ఫ్యాను మోత నాకు వినబడింది. కర్నూలు దాకా వినబడి ఉంటుంది.

"అన్నా, ఇప్పుడే మోగుతాంది, బస్సెక్కి వచ్చేయ్."

అమావాస్యకు వస్తాలే అన్నాను. దానికి కారణం ఉంది. అమావాస్య రోజు నేతగాళ్లు మగ్గం నేయరు. ఆ రోజు మగ్గాన్ని దులిపి, తుడిచి, పూజ చేస్తారు. నేతగాళ్ల ఇళ్ల పని ఏదున్నా ఆ రోజుకే పెట్టుకునేవాణ్ణి, వాళ్లూ తీరుబడిగా ఉంటారు, కబుర్లు చెప్పుకోవచ్చు. ఇది పైకి చెప్పే కారణం. లోపలి కారణం శంకరమ్మ ఆ రోజు చేసే ఓళిగలు, అదే బొబ్బట్లు. ఒక్కొక్కటి బండి చక్రమంత ఉండేవి. నేను ఆరు తినేవాణ్ణి. ఆవిడ నాలుగంటుంది.

మాఘ అమావాస్యకు వెళ్లాను. ఇల్లంతా కడిగి ముగ్గు పెట్టారు. మగ్గానికి పసుపు కుంకుమ. కంప్యూటరు కూడా తళతళలాడుతూ ఉంది. విప్పి చూస్తే లోపల దుమ్ము లేదు, శంకరమ్మ పొద్దున్నే కుంచెతో తుడిచిందట. గంటసేపు నడిపాను. ఫ్యాను పసిబిడ్డలా నిద్రపోయింది. ఏం లేదు ఈరన్నా, బాగానే ఉంది అన్నాను. ఓళిగలు తిన్నాను.

ఉగాది ముందు అమావాస్యకు మళ్లీ వెళ్లాను. మళ్లీ తళతళ, మళ్లీ నిశ్శబ్దం. మీ ఇంటి కరెంటులోనే ఉంది లోపం, ఓల్టేజి పడిపోతోంది, స్టెబిలైజరు పెట్టుకో అన్నాను. పెట్టుకున్నాడు.

మూడోసారి చైత్ర అమావాస్య. ఎండలకు ఎమ్మిగనూరు రోడ్డు మీద తారు పాయసంలా కారుతోంది. అయినా ఆ రోజు కంప్యూటరు చల్లగా నడిచింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. మూడుసార్లు తిప్పుకున్నావు, మోగుతోంది మోగుతోంది అంటావు, యాడ మోగుతాంది, నీ చెవిలోనా అని ఎగతాళి చేశాను. ఈరన్న తల దించుకున్నాడు. గోడవారగా కూర్చున్న నీలకంఠప్ప మాత్రం నన్ను చూసి నెమ్మదిగా అన్నాడు.

"పనిదినం రావప్పా ఒకసారి. మగ్గం ఆడేటప్పుడు రా."

మస్తాన్ భాయ్ పదేళ్ల ముందే పోయాడు. ఆయన మాటే, వేరే నోటి నుంచి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. అట్లాగే తాతా అని తలూపి, ఆ రోజు అయిదో ఓళిగ కూడా తిని బస్సెక్కాను.

బుధవారం

పదిహేను రోజుల తరువాత ఈరన్న ఫోను. ఈసారి ఫ్యాను మాట ఎత్తలేదు. నాయనకు పక్షవాతం వచ్చినాదన్నా, మాట పడిపోయింది అన్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారట.

చూడటానికి వెళ్లాను. అది బుధవారం. అమావాస్య కాదు.

గుమ్మంలోనే మగ్గం చప్పుడు. మనిషి పడుకుని ఉన్నా ఒప్పుకున్న తువ్వాళ్లు ఆగవు కదా, శంకరమ్మ నేస్తోంది. గదంతా సన్నటి నూగు ఎగురుతోంది, కిటికీ ఎండలో అది చినుకుల్లా కనబడుతోంది. మంచం మీద నీలకంఠప్ప. బల్ల మీద కంప్యూటరు ఆన్‌లోనే ఉంది, ఈరన్న ఆ అయిదు పిట్టలను తెర మీద పెట్టి తండ్రికి చూపిస్తున్నాడు.

కానీ కంప్యూటరు డబ్బా నాకు కనబడలేదు. దానికి ఒక చొక్కా తొడిగి ఉంది.

చొక్కా అంటే ముతక నేతగుడ్డతో కుట్టిన తొడుగు. నాలుగు పక్కలా బిగుతుగా, కింద నాడాతో కట్టి, వెనక వైర్ల కోసం మాత్రం ఒక చిన్న కంత. నా ఇరవై ఏడేళ్లలో అంత చక్కటి కుట్టు చూడలేదు. గాలి లోపలికి పోయే దారి గానీ, బయటికి వచ్చే దారి గానీ అందులో లేదు. లోపల్నుంచి ఆ రొప్పు వినబడుతోంది. ఉబ్బసం మనిషి. కోట. అన్నీ.

నాడా విప్పి పైకెత్తాను. పక్కరేకు మీద చేయి పెట్టి వెంటనే తీసేశాను. దీన్ని నేను పెంచి చెప్పడం లేదు. వేళ్లు మండాయి.

శంకరమ్మ మగ్గం ఆపి లేచి వచ్చింది. తనూ చేయి పెట్టి చూసింది. తరువాత నా చేతిలోని తొడుగును చూసింది. ఆవిడకు నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"మామే నేయించినాడన్నా. మిషను నూగు పీలిస్తే సెడిపోతాదని. ఆయనకు దీని మింద శానా బయం."

ఎప్పటి నుంచి ఉందమ్మా ఇది అని అడిగాను. మొదటి వారం నుంచే అంది. మరి నేను వచ్చినప్పుడు ఒక్కసారీ చూడలేదే అన్నాను.

"అమావాస్యకు ఉతికి ఆరేస్తాంటిమి గదన్నా. నువ్వొచ్చే దినం మాసిన గుడ్డ ఎట్ల సూపిస్తాం?"

నేను గుడ్డది కాదమ్మా తప్పు, నాది అన్నాను. మూడుసార్లు వచ్చి మూడుసార్లూ గుడ్డ లేని రోజే చూశాను, ముసలాయన చెప్పినా వినలేదు, అసలు అక్కర్లేని కార్డు అమ్మిందీ నేనే అన్నాను. ఈరన్న ఆ తొడుగు నా చేతిలోంచి తీసుకుని మడిచి పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను తిట్లు తిన్న మనిషినే, అరిగించుకోగలను.

ఆ కార్డు అక్కడే పీకేశాను. కార్డు లేకుండానే కంప్యూటరు చల్లగా, చప్పుడు లేకుండా నడిచింది. మగ్గం ఆడుతుండగానే నడిచింది. నా ఇన్నేళ్ల పనిలో అంత గొప్ప మరమ్మతు మరొకటి లేదు, విప్పింది ఒక్క స్క్రూ.

ఈరన్న తెరను మంచం వైపు తిప్పాడు. కింది వరుస అయిదు పిట్టలు, పై వరుస ఖాళీ గడులు. నాయనా, ఇప్పుడు ఆగదు, సెప్పు అన్నాడు. ముసలాయన నోరు తెరిచాడు. గాలి వచ్చింది. కుడిచేయి పడిపోయింది కాబట్టి ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద లేపాడు. రెండు వేళ్లు లేపుతాడు, ఒకటి దించుతాడు. మళ్లీ మూడు లేపుతాడు. దారాలు ఎత్తడం, దించడం. ఆయన మొత్తం చెబుతున్నాడు, మొదటి పిట్ట నుంచి చివరి పిట్ట దాకా. ఏ వేలు ఏ గడో మా ముగ్గురికీ తెలియదు. ఈరన్న మౌసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఒక్క గడి కూడా నింపలేదు.

నేను వచ్చేటప్పుడు ఆ తొడుగు అడిగి తెచ్చుకున్నాను. బస్సులో ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ముసలాయన దగ్గరుండి నేయించిన గుడ్డ కదా, దానికి ఎక్కడో ఒక మూల ఆ అంచు వేయించి ఉంటాడేమో అని. ఒడిలో పరిచి నాలుగు వైపులా, లోపలి మడతలు కూడా తిప్పి చూశాను. అంతా తెలుపే. మిషనుకు అంచు ఎందుకనుకుని ఉంటాడు.

నీలకంఠప్ప వైశాఖ అమావాస్య చూడలేదు.

అద్దం

ఫోనులో రికార్డు చేసుకోవాల్సింది కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. చేశారు. ఈరన్న వినిపించాడు. ముసలాయన గొంతు స్పష్టంగా ఉంది. "ఈడ పెట్టు. దాని పక్కన వదులు. ఆడ రెండెత్తు. అట్ల గాదు, ఈడ." పదకొండు నిమిషాలు అట్లాగే ఉంది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పినవి అవి. వేలు రికార్డు కాలేదు.

ఈరన్న చివరికి కింది వరుసనే తీసుకుని కంప్యూటరులో అద్దంలోలాగా తిప్పి పైన పెట్టాడు. ఒక్క నొక్కుడు పని. వరుస నిండింది. దానికి గింజ నువ్వే పెట్టరాదా అన్నాను నేను, తెలివి ఎక్కువై.

"పెట్టి సూసినానన్నా. గొంతు వాసిన కోడి మాదిరి ఉండాది. గింజ మోసే పిట్ట రెక్క దించుకుంటాది అనేవోడు నాయన. ఎంత దించుకుంటాదో ఆయనకే ఎరుక."

అద్దం అంచే నేశాడు. జనానికి నచ్చింది. ఇప్పటికీ అడిగి నేయించుకుంటున్నారట. నాకు ఒక చీర ఇస్తానన్నాడు, మా ఆవిడకు. వద్దన్నాను. మా ఆవిడ దానికి ఇంకా నన్ను క్షమించలేదు, కారణం ఆమెకు ఇది చదివాకే తెలుస్తుంది.

కుర్రవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు వెళ్లేసరికి ఇల్లు సర్దేసి ఉంటుంది. మనమంటే ఉన్న మర్యాద కొద్దీ జబ్బును ఉతికి ఆరేస్తారు. కాబట్టి చెప్పకుండా వెళ్లండి, పనివేళ వెళ్లండి, వాళ్లు చేసుకునే పని చేసుకోమని చెప్పి ఒక మూల కూర్చోండి. రోజూ దీని మీద ఏం కప్పుతారు, పక్కన ఏం పెడతారు అని అడగండి. అది వాళ్లకు చెప్పదగిన సంగతిగా తోచదు, మీరే అడగాలి. ఆ ఇంట్లో ముసలివాళ్లు ఏమైనా అంటే, తలూపకండి.

మొన్నామధ్య ఎమ్మిగనూరు నుంచి ఆదోని వస్తున్నాను. బస్సులో నా పక్క వరుసలో ఒకావిడ, ఒళ్లో కూరల సంచి, కట్టుకున్నది ఆ చీర. నేను వంగి అంచు చూస్తున్నానని గమనించింది.

"ఏమన్నా, అట్ల సూస్తాండావు?"

అంచు బాగుందమ్మా అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. సంచి పక్కకు జరిపి అంచు మోకాలి మీద పరిచి, వేలు పెట్టి చూపించింది.

"ఇవి మేతకు పోతాండాయి. పైన సూడు, మల్లా ఇంటికొస్తాండాయి."

అవునమ్మా, వస్తున్నాయి అన్నాను. ముక్కుల సంగతి చెప్పలేదు.